ఏడో వరస దాకా తడి

అంకన్న పడుకున్న చోటే నేనూ పడుకున్నాను.

గురువారం, మధ్యాహ్నం పన్నెండూ పది. కింద గులకరాళ్ళు, ముఖం మీద చీర కొంగు, పైన సూటిగా ఎండ. రెండు రోజుల కిందట, మంగళవారం ఒంటిగంటా ఇరవైకి, సరిగ్గా ఈ నేల మీద అంకన్న కునుకు తీస్తున్నాడు. ఆ టైముకి తూర్పు గోడ నీడ రెండడుగుల మేర ఇటు పడుతుంది. ఒక మనిషి పక్కకి తిరిగి పడుకోవడానికి అది చాలు. ఆ గోడే అతని మీద పడింది. అరవై రెండేళ్ళ కాపలా మనిషి, మళ్ళీ లేవలేదు.

కళ్ళు మూసుకుంటే నాకు కొంచెం బాగా కనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళు సర్కారు ల్యాబులో కాంక్రీటు దిమ్మెలు పగలగొట్టి వాటి బలం రాసిన దాన్ని. ఆ ఉద్యోగం మీద మొహం మొత్తి మార్కాపురంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాను. రాధాకుమారి నిద్రలో కేసులు చేస్తుందని ఊళ్ళో ఎగతాళి. చేస్తాను, నిజమే. మెలకువగా చేసేవాళ్ళు ఏం ఉద్ధరించారో చూస్తూనే ఉన్నాను.

కొంగు చాటున వెలుతురు పలకరాతి రంగులోకి మారింది. గాలిలో సన్నటి పొడి ఎటూ పోకుండా తేలుతోంది. కాసేపటికి నా పక్కన ఇంకెవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది. భయం వెయ్యలేదు. గోడ పడే ముందు ఏమైనా విన్నావా అని అడిగాను. అంకన్న నిద్రలోనే తల అడ్డంగా ఊపి, గోడ వైపు ఇంకొంచెం జరిగాడు.

ఎందుకు జరిగాడు? నీడ అయితే రెండడుగులూ ఒకేలా ఉంటుంది.

"ఇక్కడ కూడా నిద్రేనా, రాధాకుమారి గారూ?"

అంకన్న మాయమైపోయాడు. కొంగు తీస్తే సీఐ వరప్రసాదం బూట్లు కనిపించాయి. తళతళలాడుతున్నాయి. ఈ దుమ్ములో బూట్లు అంత శుభ్రంగా ఉంచుకునే మనిషిని నేను అంత తేలిగ్గా నమ్మను.

"చనిపోయిన మనిషితో మాట్లాడుతున్నాను సార్. మధ్యలో వచ్చారు" అన్నాను.

"ఏమన్నాడు?"

"గోడ చల్లగా ఉంది అన్నాడు."

ఆయన నవ్వి చేతిలోని కాగితం ఆడించాడు. "ల్యాబు రిపోర్టు. గోడ ముక్కలో సగం బలం కూడా లేదు. మీ క్లయింటు గుల్నాజ్ తయారుచేసిన ఇటుక పనికిరాదు. నిర్లక్ష్యం వల్ల ఒక ప్రాణం పోయింది. రెండు గంటలకి ఆ అమ్మాయిని తీసుకెళ్తున్నాను. ఆపేది ఏమైనా ఉంటే అప్పటిలోపు చూపించండి."

నాకు మిగిలింది గంటా నలభై నిమిషాలు.

గుల్నాజ్ అవతల రేకుల పంచలో మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఇరవై తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాయన బుడే సాహెబ్ నలభై ఏళ్ళు పలకలు చీల్చి బతికాడు. క్వారీల పక్కన కొండల్లా పేరుకున్న పలకరాతి పొడిని చూస్తూ పెరిగిన పిల్ల, ఇంజినీరింగ్ చదివి, ఆ పొడికి సోడా మందు కలిపి ఇటుక అచ్చుపోసింది. కాల్చే బట్టీ అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, తడపడానికి నీళ్ళు అక్కర్లేదు. తాగడానికే ట్యాంకరు కోసం కాచుకునే మా వైపు ఆ మూడో మాట ఎంత పెద్దదో బయటివాళ్ళకి అర్థం కాదు. కొనకనమిట్ల రోడ్డులో ఈ నమూనా ఇల్లు నిలబడితే నలభై ఇళ్ళకి అనుమతి వచ్చేది. ఇప్పుడు ఇల్లు పడింది, మనిషి పోయాడు, పిల్ల జైలుకి పోబోతోంది.

రెండు రోజులుగా నేను పెద్ద తెలివిగా ఒక ఇటుక బట్టీ ఓనరు వెంట పడ్డాను. ఈ ఇటుక వస్తే అతని బట్టీ మూతపడుతుంది కదా అని. తీరా చూస్తే అతను ఆదివారం నుంచి ఆస్పత్రిలో పచ్చకామెర్లతో పడి ఉన్నాడు. నా తెలివిని తలుచుకుని నాకే సిగ్గేసింది.

"గుల్నాజ్, ఇట్రా. మీ నాయన పలకని ఎట్ల చూస్తాడు?" అని అడిగాను.

"కొట్టి చూస్తాడు ఆంటీ. మంచిదైతే మోగుతాది."

"కొట్టు. కళ్ళు మూసుకుని కొట్టు."

సీఐ కనుబొమలు ఎగరేశాడు. గుల్నాజ్ వంగి, కూలిన కుప్పలోంచి ఒక ఇటుక తీసుకుని వేలి కణుపుతో తట్టింది. మోగింది. ఇంకొకటి. మోగింది. ఎండలో కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, ఆ పిల్ల ఒక్కో ఇటుకనీ తడుతుంటే ఎక్కడో దూరంగా గంటలు కొడుతున్నట్టుంది. పద్దెనిమిది ఇటుకలు తట్టింది. పదిహేడు మోగాయి. పద్దెనిమిదోది పగిలి ఉంది.

"ఇటుక బాగుంది సార్" అన్నాను.

"మరి రిపోర్టు?"

"ల్యాబుకి మీరు పంపింది ఇటుక కాదు, గోడ ముక్క. రెండు ఇటుకలూ మధ్యలో అతుకూ. ఇదిగో అతుకు." రెండు ఇటుకల మధ్య ఉండాల్సిన పూతని గోటితో గీరాను. పిండిలా రాలింది. నిలబడి ఉన్న పడమటి గోడ దగ్గరికి వెళ్ళి అక్కడా గీరాను. గోరు విరిగింది.

"ఒకే మనిషి కలిపిన పూత, ఒకే పొడి, ఒకే మందు. ఇక్కడ రాయిలా ఉంది, అక్కడ పిండిలా ఉంది. తేడా ఏంది గుల్నాజ్?"

"తూర్పు గోడ చివర కట్టినాము ఆంటీ. పోయిన గురువారం ఏడు వరసలు లేపినాము. నేను శుక్రవారం అనుమతి పని మీద గిద్దలూరు పోయినా, ఆదివారం రాత్రికి వచ్చినా. సోమవారం మిగతా ఆరు వరసలు ఎక్కించి కప్పు పలకలు పెట్టినాము. మంగళవారం..." ఆ పిల్ల కూలిన కుప్ప వైపు తిరిగింది.

ఏడు వరసలు. నేను కుప్పలోంచి ఇటుకల్ని వాటి మీద గుల్నాజ్ వేసిన వరస నంబర్ల ప్రకారం నేల మీద వరసగా పేర్చాను. అడుగు ఏడు వరసల ఇటుకల అంచుల్లో తెల్లటి పొర పేరుకుని ఉంది. పై ఆరు వరసల్లో లేదు. నాలిక కొనకి అద్దుకుని చూశాను. ఉప్పగా, కొంచెం మంటగా ఉంది.

"ఉప్పు బయటికొచ్చిందంటే లోపలికి నీరు పోయింది. పూత గట్టిపడే లోపల తడిస్తే మందంతా కడుక్కుపోతుంది. ఎన్ని రోజులు తగలకూడదు?"

"మూడు రోజులు" అంది గుల్నాజ్. "బోర్డు గూడా రాసి పెట్టినా."

పంచ స్తంభానికి బోర్డు ఉంది. పెద్ద అక్షరాలతో, నీళ్ళు పోయరాదు అని.

సీఐ తన ఫోను తీశాడు. "సోమవారం సాయంత్రం కప్పు ఎక్కించాక మీ క్లయింటే తీసిన ఫోటో. గోడ శుభ్రంగా ఉంది, తెలుపు చుక్క కూడా లేదు. మీరు చూపిస్తున్న ఉప్పు గోడ పడ్డాక మంచుకి వచ్చుండాలి."

"మే నెలలో మంచా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. కానీ ఫోటో నిజమే. సోమవారం గోడ తుడిచినంత శుభ్రంగా ఉంది. నేను గోడ లేని ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడిపోయాను. ఎండ నీళ్ళలా కదులుతోంది. ఆ కదిలే వెలుగులోంచి నల్లవీ గోధుమవీ మేకలు ఒక్కొక్కటే నడిచొచ్చాయి. నేను కంటున్న కలే అనుకున్నాను. వాటి వెనక కర్ర పట్టుకుని పిచ్చమ్మ వచ్చేసరికి కల కాదని తెలిసింది.

పిచ్చమ్మకి డెబ్భై దాటాయి. రోజూ ఇదే దారిన మేకల్ని తోలుకుపోతుంది. మేకలు పోలీసు తాడు దగ్గర ఆగి, మెడలు చాచి, కూలిన ఇటుకల వైపు నాలికలు ఆడించాయి.

"పోలీసోళ్ళు తాడు కట్టినకాడ్నుంచి వీటికి యావ తీరలేదు బిడ్డా" అంది పిచ్చమ్మ.

"ఏం యావ అవ్వా?"

"గోడ నాకే యావ. ఉప్పురాయి పెట్టినట్టు నాకినాయి. అంకన్న అదిలించినాడు, ఇనవు గదా. రెండిటికి నోరు పుండ్లు పడినాయి."

"ఏ రోజు మొదలుపెట్టాయి?"

పిచ్చమ్మ వేళ్ళు మడిచింది. "శుక్కురవారం నాకలా. శనివారం నాకినాయి. సంత కాడికి పోయి తిరిగొచ్చే ఏళ, పన్నెండు అయ్యుంటాది. ఆదివారం, సోమవారం గూడా. సోమవారం పొద్దున్నే నున్నగా నాకి పెట్టినాయి."

నేను సీఐ వైపు తిరిగాను. ఆయన ఫోన్లో ఆ ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాడు. గోడ తన జబ్బు బయటికి చూపించింది, మేకలు ఆ గుర్తు తినేశాయి. ఇప్పుడున్న తెలుపు పోలీసులు తాడు కట్టాక మళ్ళీ ఊరింది. గుల్నాజ్ సోమవారం వచ్చేసరికి చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"అయితే శుక్రవారం ఎవరో నీళ్ళు పోశారు" అన్నాడు చివరికి. మొదటిసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

"బయట చల్లితే ఎండకి పది నిమిషాల్లో ఆరిపోతుంది సార్. ఇవి బోలు ఇటుకలు. లోపల పోశారు. అడుగు వరస బోలులో మట్టి ఇంకా చెమ్మగా ఉంది చూడండి. అందుకే గోడ చల్లగా ఉంది. అందుకే అంకన్న దానికి ఆనుకుని పడుకున్నాడు."

ఎండలో తిరిగిన మనిషి చల్లటి చోటు వెతుక్కున్నాడు, అంతే. ఆ చల్లదనమే అతన్ని మింగింది.

"బిందెలతో అయ్యే పని కాదు" అన్నాడు సీఐ. "ట్యాంకరు కావాలి. పిచ్చమ్మా, ట్యాంకరు ఏదైనా చూశావా?"

"నాగేంద్ర ట్రాకటరు. శుక్కురవారం పదకొండున్నరకి ఈడ నిలబడి ఉండె. ఊళ్ళో నీళ్ళు దించినాక అడుగున మిగిలినయ్యి ఈడ వంచిపోయినాడు."

"నాగేంద్ర ఎవరు?"

పిచ్చమ్మ కర్రతో పంచ అవతలికి చూపించింది.

అక్కడ వెంకటసుబ్బయ్య మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. గోడ కట్టింది ఆయనే. అరవై ఐదేళ్ళు, ఈ మూడు మండలాల్లో ఆయన తాపీ తగలని ఊరు లేదు. మంగళవారం నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి వస్తాడు, కూలిన కుప్ప ముందు కూర్చుంటాడు, సాయంత్రం వెళ్ళిపోతాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు, దుఃఖంలో ఉన్న పెద్దమనిషి కదా అనుకున్నాను. నిద్రపోతూ కేసులు చేస్తే ఇలాంటివే తప్పిపోతాయి.

పన్నెండూ నలభై ఐదు. వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాగేంద్ర నీకేమవుతాడు మామా?"

"అల్లుడమ్మా."

"శుక్రవారం నీళ్ళు నువ్వే పోయమన్నావా?"

ఆయన తల వంచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. అంకన్నని నేనే చంపినా."

వెనక సీఐ బూట్లు కదిలాయి. చెయ్యెత్తి ఆగమన్నాను.

"బోర్డు చూడలేదా?"

"చూసినా. అంకన్న గూడా వద్దన్నాడు. ఆ పిల్ల మరీమరీ చెప్పిపోయింది మేస్త్రీ అన్నాడు." ఆయన తన అరచేతుల్ని చూసుకున్నాడు. సున్నానికి, సిమెంటుకి తిన్న చేతులు. "నాకు పద్నాలుగేళ్ళప్పుడు తాపీ పట్టినా. ఇరవై ఒక్క దినం నీళ్ళు పట్టని గోడని నేను ఈ చేతుల్తో కట్టలేదమ్మా. గోడ లేపిన మర్నాడు పొద్దున పోయి చూస్తే, తూర్పు గోడ పొద్దుటెండకి వేడెక్కి కాలతా ఉంది. పసిబిడ్డని ఎండలో ఏసినట్టు అనిపించింది. సదువుకున్న పిల్ల, నీళ్ళు లేని ఊరని ఏదో పొదుపుకి రాసింది అనుకున్నా. మన వాటా నీళ్ళే గదా, పోద్దాము అనుకున్నా. శుక్రవారం, శనివారం, ఆదివారం పోపిచ్చినా."

గుల్నాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల కళ్ళల్లో కోపం కోసం చూశాను. కోపం లేదు, ఏడుపు వస్తోంది. ఈ ముసలాయన తన ఇంటి నీళ్ళు తెచ్చి ఆమె గోడకి తాగించాడు. ఏమని తిట్టాలి?

సీఐ ముందుకొచ్చాడు. "సరే. అమ్మాయి కాదు, ఈయన. లే పెద్దాయనా."

"ఏం కేసు సార్? ప్రేమగా నీళ్ళు పోశాడని రాస్తారా?" అన్నాను.

"వద్దన్న పని చేశాడు, మనిషి చచ్చాడు. మీరు తేల్చిందే కదా."

"ఇంకా తేలలేదు. కూర్చోండి."

"నాకు చెప్పకండి కూర్చోమని!"

"అయితే నిలబడండి. మాట్లాడకండి."

మేస్త్రీ మా గొడవ వినడం లేదు. కుప్ప వైపే చూస్తున్నాడు. ఆయన నోట్లోంచి వచ్చిన తర్వాతి మాట చాలా మెల్లగా వచ్చింది, ఎవరితోనూ కాదు, తనతో తనే అనుకున్నట్టు.

"ఆపకుండా ఉండాల్సింది."

నా మత్తంతా ఒక్కసారి దిగిపోయింది. "ఏమన్నావు మామా?"

"మూడు దినాలు పోసి ఆపినానమ్మా. సోమవారం ఆ పిల్ల వచ్చింది, చూస్తే తిడతాదని ఆపినా. మంగళవారానికి గోడ పడింది. ఆపకుండా పోసుంటే అంకన్న బతికుండేవోడు."

మేకల గంటలు ఒకటి రెండు మోగాయి. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. మంగళవారం నుంచి ఈ మనిషి పడుతున్న బాధ నీళ్ళు పోసినందుకు కాదు, ఆపినందుకు.

"మామా, నా మాట విను. నీళ్ళు ఆపినందుకు పడలేదు. పోసినందుకు పడింది. ఈ గోడకి నీళ్ళే విషం."

ఆయన నా ముఖంలోకి చూశాడు. అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నేరం ఒప్పుకున్నప్పుడు కూడా లేని భయం ఆ కళ్ళల్లోకి వచ్చింది.

"విషమా?" అన్నాడు. "మరి ఆడ ఆపలేదు గదమ్మా."

"ఎక్కడ?"

"మా ఊరి అంగన్వాడీ."

గుల్నాజ్ లేచి నిలబడింది. "నేనిచ్చిన ఇటుకలు ఆంటీ! ఈడ మిగిలిన రెండొందలు, అతికే పూత గూడా ఇచ్చినా. పిల్లలు పండుకునే గది గోడ పాతది పడిపోయిందంటే..."

"పోయిన బుధవారం కట్టినా" అన్నాడు మేస్త్రీ. "గురువారం నుంచి పోస్తన్నా. ఈడ గోడ పడినాక భయమేసి ఇంకా ఎక్కువ పోసినా. నిన్న రేకులు గూడా ఎక్కించినారు. ఇయ్యాల ఒక్క దినం బస్సుకి టైమై పోయలేదు..."

"టైమెంత?" అని అరిచాను.

ఒంటిగంటా రెండు నిమిషాలు.

అంగన్వాడీలో పన్నెండున్నరకి అన్నం, ఒంటిగంటకి నిద్ర. ఊరు అరగంట దూరం. సీఐ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు. శుభ్రమైన ఆ బూట్లు పలకపొడిలో మడమల దాకా దిగాయి. ఆయన చూసుకోలేదు. వెళ్తూనే అక్కడి స్టేషనుకి ఫోన్ కలుపుతున్నాడు. మొదటిసారి ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

మేస్త్రీ చెప్పిన నంబరుకి నేను జీపులోంచి ఫోన్ చేశాను. గుల్నాజ్, మేస్త్రీ వెనక సీట్లో ఉన్నారు. అంగన్వాడీ టీచరు ఫెబీ నాలుగో రింగుకి ఎత్తి గుసగుసగా మాట్లాడింది.

"నెమ్మదిగా చెప్పండి మేడం, పిల్లలు ఇప్పుడే పండుకున్నారు."

"ఫెబీ, అరవొద్దు. తలుపు గట్టిగా వెయ్యొద్దు. కొత్త గోడ ముట్టుకోవద్దు. పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తుకుని బయట రోడ్డు మీదికి తీసుకుపో. ఎందుకని అడగొద్దు. గోడ పక్కనున్న వాళ్ళని ముందు."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. మాకు వినిపించేది అడుగుల శబ్దం ఒక్కటే, వస్తూ, పోతూ. జీపు కిటికీలోంచి ఎండిన కంది చేలు వెనక్కి జారిపోతున్నాయి. అది నిజంగా జరుగుతున్నట్టు లేదు, నాకొచ్చే పగటి కలల్లో ఒకటిలా ఉంది. అలాగైతే బాగుండునని గట్టిగా కోరుకున్నాను. గుల్నాజ్ పెదాలు కదుపుతూ దువా చేస్తోంది.

"మా మనవరాలు గోపిక ఆడే పండుకుంటాది" అన్నాడు మేస్త్రీ. "దాని కోసమే ఆ గోడ అంత శ్రద్ధగా కట్టినా."

ఒంటిగంటా పదకొండు. ఫెబీ గొంతు మళ్ళీ వినిపించింది, రొప్పుతూ.

"పదకొండు మంది బయటున్నారు మేడం. అందరూ బాగున్నారు. గోపిక లేదు. దాని చాప ఖాళీగా ఉంది."

మేస్త్రీ నా చేతిలోంచి ఫోను లాక్కుని, స్పీకరు పెట్టమని ఫెబీకి చెప్పి, గట్టిగా పిలిచాడు. "గోపికా! తాతనమ్మా! యాడుండావు తల్లీ?"

చాలా దూరం నుంచి, ఫెబీ ఫోనుకి అవతల నుంచి, నిద్రలేని చిన్న గొంతు హుషారుగా పలికింది.

"గోడెనక తాతా! నువ్వు రాలేదు గదా, నేనే చెంబుతో పోస్తన్నా."